పెద్ద ఫర్మా, వకీలు గారి ఆఫీసా? ముందు క్యాలెండర్ చూడు

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. ఐదేళ్ల ఎల్ఎల్‌బీలో మూడో ఏడు చదువుతున్నాను. మాది మిర్యాలగూడ పక్కన పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటున్నాను. వచ్చే మే నెల సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌కి రెండు చోట్ల నుంచి రమ్మన్నారు. ఒకటి మాదాపూర్‌లో పెద్ద లా ఫర్మ్. దేశమంతా ఆఫీసులున్నాయి. నాలుగు వారాలు, కొంచెం స్టైపెండ్ కూడా ఇస్తారట. రెండోది మలక్‌పేటలో ఒక సీనియర్ లాయర్ గారి ఆఫీసు. ఆయన, ఇద్దరు జూనియర్లు, ఒక క్లర్కు, అంతే. డబ్బులేమీ ఉండవు. మా బాపు పెద్ద ఫర్మే అంటున్నాడు, బయోడేటాలో ఆ పేరు పడితే చాలంటాడు. కాలేజీలో సీనియర్ అక్కలేమో అక్కడ ఎక్సెల్ షీట్లు నింపిస్తారు, కోర్టు మొహం కూడా చూడవు, చిన్న ఆఫీసుకే పో అంటున్నారు. అమ్మకి నేను జడ్జిని కావాలని. నాకైతే ఫర్మ్‌లో ఇంగ్లిష్ మాట్లాడాలంటేనే గుండె దడ. ఇప్పటిదాకా ఒక స్వచ్ఛంద సంస్థలో నాలుగు వారాలు మాత్రమే చేశాను. ఏది ఎంచుకోవాలో చెప్పండి.
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు:

అమ్మా,

నీ ఉత్తరం చదివీ చదవగానే నా నోటికొచ్చిన జవాబు "మలక్‌పేటే". నేను చిన్న ఆఫీసులో పని నేర్చుకున్నదాన్ని, అన్నం పెట్టిన చేతి మీద మమకారం పోదు కదా. తర్వాత మూడేళ్లు ఒక పెద్ద ఫర్మ్‌లో ఉద్యోగమూ చేశాను, ఇప్పుడు మళ్లీ నా సొంత ఆఫీసు నడుపుకుంటున్నాను. ఉత్తరం రెండోసారి చదివినప్పుడు "మే నెల సెలవుల్లో" అన్న ముక్క దగ్గర ఆగాను. జవాబు మారిపోయింది.

మే నెలలో మన సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. హైకోర్టుకూ అంతే. అర్జెంటు విషయాలకు వెకేషన్ కోర్టులుంటాయి, నాంపల్లిలో మేజిస్ట్రేట్ కోర్టులు నడుస్తాయి, నిజమే. కానీ పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టులోనో ఎల్‌బీ నగర్ రంగారెడ్డి కోర్టులోనో దావాలు నడుపుకునే ఆఫీసు మే నెలలో ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. సార్ ఊరికి వెళ్తారు. ఒక జూనియర్ పెళ్లిళ్ల మీద ఉంటాడు, ఇంకొకరు ఏదో పరీక్షకు చదువుకుంటుంటారు. క్లర్కు బీరువాలు దులిపి పాత కట్టలు కట్టుకుంటుంటాడు. నీ చేతిలో ఒక ఫైలు పెట్టి "చదువుకోమ్మా" అంటారు. నువ్వు ఫ్యాను కింద నాలుగు వారాలు చదువుకుంటావు. సాక్షిని బోనెక్కించడం చూడవు, వాయిదా పడడం చూడవు, జడ్జి గారు విసుక్కోవడం కూడా చూడవు.

ఫర్ములకు వేసవి సెలవుల్లేవు. కంపెనీలు మేలోనూ కొంటాయి, అమ్ముతాయి, లీజులు రాసుకుంటాయి. కాబట్టి ఈ మేలో మాదాపూర్ వెళ్లు. మలక్‌పేటను మాత్రం వదులుకోవద్దు. ఇది గోడ మీద పిల్లి జవాబు కాదు, కారణం చెబుతాను.

హైదరాబాదులో వకీలు ఆఫీసంటే నిజానికి సాయంత్రం ఆఫీసు. పొద్దున పదిన్నరకల్లా అందరూ కోర్టులో ఉంటారు. క్లయింట్లు వచ్చేది, ఫైళ్లు విప్పేది, డ్రాఫ్టులు డిక్టేట్ చేసేది ఆరు నుంచి తొమ్మిది మధ్య. కాలేజీ అయ్యాక నువ్వు మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట మూడో స్టేషను. జూన్‌లో కోర్టులు తెరిచాక వారానికి మూడు సాయంత్రాలు వస్తానని సార్‌ని అడుగు. పెద్ద ఫర్మ్ ఇలాంటి ఏర్పాటుకు ఒప్పుకోదు. దానికి దరఖాస్తు, తేదీలు, బ్యాడ్జి అన్నీ లెక్కే. చిన్న ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉంటే చాలు.

పైగా ఇది నీ ఇష్టాయిష్టాల విషయం కూడా కాదు. లా చదువుకూ వకీళ్ల వృత్తికీ నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం ఐదేళ్ల కోర్సు వాళ్లు మొత్తం 20 వారాలు, మూడేళ్ల కోర్సు వాళ్లు 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదైనా ఏకబిగిన నాలుగు వారాలకు మించకూడదు. చదువు ముగిసేలోపు ట్రయల్ కోర్టు, అప్పీలు కోర్టు లాయర్ల దగ్గర కనీసం ఒక్కసారైనా చేసి తీరాలి. నువ్వు చేసింది నాలుగు, ఇంకా పదహారు మిగిలాయి. అంటే మలక్‌పేట లాంటి ఆఫీసుకు ఎలాగూ వెళ్లాల్సిందే. వెళ్లేదేదో కోర్టులు నడిచే నెల చూసుకుని వెళ్లు. సాయంత్రాలు ఈ లెక్కలోకి రావు, వాటికి సర్టిఫికెట్టూ ఉండదు. చదువు మొత్తంలో నేను నేర్చుకున్నదంతా సర్టిఫికెట్టు లేని ఆ సాయంత్రాల్లోనే నేర్చుకున్నాను.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. 1990ల చివర్లో, నేను లా చదివే రోజులు. నేను పని నేర్చుకుంటున్న సార్ ఆఫీసుకు వికారాబాద్ వైపు నుంచి ఒకావిడ వచ్చింది, అన్నదమ్ములు నాన్న భూమిలో వాటా ఇవ్వడం లేదని. కేంద్రం కంటే ఇరవై ఏళ్ల ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కిస్తూ హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ ఉంది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అందులో ఒక మెలిక. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతురికి ఆ హక్కు లేదు. సార్ అడిగిన మొదటి ప్రశ్న, "పెళ్లెప్పుడైందమ్మా?"

"ఇందిరమ్మను చంపిన మరుసటేడు సార్."

అంటే 1985. "ఏ నెల?"

"శ్రావణం."

ఆఫీసులో అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది. నిజ శ్రావణం ఆగస్టు మధ్యలో మొదలై సెప్టెంబరు మధ్య దాకా సాగింది. ఐదో తేదీ సరిగ్గా అందులోనే ఉంది. సార్ పాత పంచాంగం తెప్పించి వేలితో తిథులు లెక్కపెడుతూ కూర్చున్నారు. వారం తర్వాత ఆవిడ ట్రంకుపెట్టె అడుగున దాచుకున్న శుభలేఖ పట్టుకొచ్చింది, మూలలకు పసుపు ఇంకా అంటుకునే ఉంది. ముహూర్తం 1985 ఆగస్టు 28, బుధవారం. ఎనిమిది రోజులు.

ఆ కార్డు ఆవిడకే తిరిగిచ్చి, సవరణ మీద దావా నిలవదమ్మా, మీ నాన్న పోయారు కాబట్టి ఆయన వాటాలో నీకొచ్చే భాగం అడుగుదాం, అది చిన్నదే అని సార్ చెప్పారు. చెప్పిన తీరు నాకిప్పటికీ గుర్తు. కళ్లు తిప్పుకోలేదు, ఆశా పెట్టలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టమే మారి ఆ పెళ్లి తేదీ లెక్క పోయింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికుండాలా అన్న వాదన కూడా 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పుతో తేలింది. మీ పాఠ్యపుస్తకంలో ఇదంతా రెండు పేరాలు. నాకు మాత్రం ఆ సెక్షను పేరెత్తితే పసుపు అంటిన కాగితమే కనబడుతుంది. ఒక మనిషి జీవితంలోంచి చట్టానికి పనికొచ్చే ఒక్క తేదీ ఎలా బయటికి లాగుతారో చూడాలంటే క్లయింటు ఎదురుగా కూర్చోవాలి. పెద్ద ఫర్మ్‌లో విద్యార్థికి ఆ కుర్చీ దొరకడం కష్టం.

అలాగని చిన్న ఆఫీసులన్నీ ఇలాగే ఉంటాయనుకునేవు. అంతకుముందు ఇంకో ఆఫీసులో ఒక నెల చేశాను. జిరాక్సులు తీయించడం, సార్ గారి పిల్లవాణ్ని బడి నుంచి తేవడం తప్ప ఇంకేమీ చేయలేదు. చివరి రోజు సర్టిఫికెట్టు నేనే టైపు చేసుకుంటే సంతకం పెట్టారు. అందులో "చురుకైన విద్యార్థిని" అని కూడా నేనే రాసుకున్నాను!

రెంటికీ తేడా ఆఫీసు సైజులో లేదు. నువ్వు రాసిన కాగితం ఎవరైనా చదువుతారా లేదా అన్నదే అసలు తేడా. మలక్‌పేట వెళ్లినప్పుడు సార్‌ని కాదు, అక్కడి జూనియర్లను బయట టీ కొట్టు దగ్గర అడుగు: "సార్ మీ డ్రాఫ్టులు దిద్దుతారా, తానే మళ్లీ రాసుకుంటారా?" దిద్దుతారంటే వెళ్లు. "సార్‌కి టైమెక్కడిదండీ" అంటే ఇంకో ఆఫీసు వెతుక్కో, ఈ ఊళ్లో వకీళ్లకు కొదవా?

దిద్దించుకోవడం ఎప్పుడూ తీయగా ఉండదు, అదీ చెబుతాను. ఒకే కోర్టులో మా సార్‌వి రెండు కేసులు ఒకే రోజు పిలిచారు. వాయిదా తేదీలు నేను డైరీలో తారుమారుగా రాశాను. మా క్లయింటు ప్రతివాదిగా ఉన్న కేసు పిలిచినప్పుడు మా తరఫున ఎవరూ లేరు. ఎక్స్‌పార్టీ అయిపోయింది, అంటే మా వైపు వాళ్లు లేకుండానే కేసు నడుపుతామని ఆర్డరు పడింది. సార్ అరవలేదు. ఆ ఎక్స్‌పార్టీ ఆర్డరు ఎత్తేయమని వేసే పిటిషన్, అఫిడవిట్ నాచేతే రాయించారు, నాలుగుసార్లు. కోర్టు ఖర్చులు వేస్తే అవి తన జేబులోంచి కట్టారు, క్లయింటును అడగలేదు. ఇప్పుడు వాయిదాలు ఈ-కోర్ట్స్ యాప్‌లో కనబడతాయి, నీకా గండం కొంత తప్పింది. అయినా రోజూ సాయంత్రం యాప్‌లో తేదీ, డైరీలో తేదీ రెండూ పక్కపక్కన పెట్టి చూసే పని నువ్వు అడిగి తీసుకో. నెల తిరిగేసరికి ఆఫీసులో ఏ కేసు ఏ దశలో ఉందో సార్ తర్వాత నీకే తెలుస్తుంది.

క్లర్కు గారి సంగతి కూడా. కాగితం ఫైలింగులో ఎందుకు తిరిగొస్తుందో సార్ కంటే ఆయనకే బాగా తెలుసు. దాఖలు చేసిన కాగితానికి ఎస్ఆర్ నంబరు (తాత్కాలిక నంబరు) పడ్డాక ఆబ్జెక్షన్ రాసి రిటర్న్ చేస్తారు: కోర్టు ఫీజు తక్కువైందనో, వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే పత్రం) మీద వెల్ఫేర్ స్టాంపు లేదనో, పేజీ నంబర్లు కుదరలేదనో, "ఎలా మెయింటెయినబుల్?" (ఈ కేసు చట్టం ముందు ఎలా నిలుస్తుంది) అనో. మొదటి మూడూ క్లర్కు దగ్గర నేర్చుకోవాలి, నాలుగోది సార్ దగ్గర. దబ్బనం, దారం పట్టుకుని కట్ట కుట్టడం చిన్నతనం అనుకోకు. కుట్టేటప్పుడు ప్రతి కాగితం చేతి కింద నుంచి పోతుంది, ఏది ఎందుకు జతచేశారో అడగొచ్చు.

మొదట్లో ఒక చెక్ బౌన్స్ ఫైలు పట్టుకో. బ్యాంకు మెమో అందినప్పటి నుంచి ముప్పై రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అది అందాక డబ్బు కట్టడానికి పదిహేను రోజులు, కట్టకపోతే ఆ తర్వాత నెల లోపల ఫిర్యాదు. ఒక కేసు పుట్టుక మొత్తం రెండు మూడు నెలల్లో నీ కళ్ల ముందు జరిగిపోతుంది. పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా అలా కాదు, అది మొదలైనప్పుడు నువ్వు పుట్టి ఉండకపోవచ్చు.

ఇక మాదాపూర్. మీ సీనియర్ అక్కలు చెప్పింది అబద్ధం కాదు, ఎక్సెల్ షీటు నింపిస్తారు. కానీ అదేమిటో తెలుసుకోకుండా నింపడం వాళ్ల తప్పు. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనబోతుందనుకో. అమ్మే కంపెనీకి నలభై ఆఫీసులున్నాయి, నలభై లీజులు. రిజిస్టర్ అయ్యాయా, లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడని గడువు) ఎన్నాళ్లు, అద్దె ఏటా ఎంత పెరుగుతుంది, యజమాని మారితే ఖాళీ చేయించే హక్కుందా, ఇవన్నీ ఆ షీటులో నిలువు గళ్లు. దాన్నే డ్యూ డిలిజెన్స్ అంటారు. నింపేముందు నీకు పని చెప్పినవాళ్లను ఒక్క ప్రశ్న అడుగు: "వీటిలో ఏ గడిలో తేడా వస్తే ఈ బేరం చెడుతుంది?" క్లయింటు పేరు చెప్పరు, చెప్పకూడదు కూడా. గడి సంగతి చెబుతారు. అప్పుడు నలభై లీజులూ వేరేగా చదువుతావు. నేను ఫర్మ్‌లో చేరిన కొత్తలో ఇది అడగక ఆరు వారాలు కళ్లు కాయలు కాచేలా చదివాను. దేనికి చదివానో తర్వాత పేపర్లో వార్త చూసి తెలుసుకున్నాను.

నీ ఇంగ్లిష్ భయం దగ్గరికి వద్దాం. దీనికి నా దగ్గర ఒక కథ ఉంది, నవ్వుకో. మా ఫర్మ్‌లో శంషాబాద్ వైపు ఒక పెద్ద భూమి టైటిల్, అంటే అది ఎవరి హక్కులో ఉందో, చూస్తున్నాం. పహాణీలు (రెవెన్యూ శాఖ భూమి రికార్డులు), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) బయట ఎవరికో ఇచ్చి ఇంగ్లిష్‌లోకి మార్పించారు. రిపోర్టు డ్రాఫ్టులో భూమి హక్కుదారుల వరుసలో "తరి" అని ఒకరు, "ఖుష్కి" అని ఒకరు వచ్చారు. గదిలో ఉన్న ఐదుగురూ దేశంలో పేరున్న కాలేజీల వాళ్లే. వీళ్లిద్దరి వారసులెవరు, వాళ్ల సంతకాలు ఎందుకు లేవు అని గంటసేపు చర్చ. నేను తెలుగు కాగితం తీసి చూసి, అయ్యా, తరి అంటే నీటి పారకం భూమి, ఖుష్కి అంటే మెట్ట భూమి, వీళ్లు అన్నదమ్ములు కారు అన్నాను. ఆ రోజు నుంచి ప్రతి తెలుగు దస్తావేజూ నా బల్ల మీదికే వచ్చేది.

హైదరాబాదు చుట్టూ భూమి లేకుండా పెద్ద ఫర్మ్‌లకు పని లేదు. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, పహాణీలో పట్టాదారు గడి వేరు, కబ్జాదారు గడి వేరు, 1954–55 ఖాస్రా పహాణీ, సేత్వార్, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), భూమి రికార్డుల పోర్టల్ మొన్నటి దాకా ధరణి, 2025 ఏప్రిల్ నుంచి భూ భారతి. వీటిలో సగం మాటలు నువ్వు మీ బాపు నోటే వినుంటావు. మిగతా ఇంటర్న్‌లు వాటిని నేర్చుకోవాలి. మొదటి రోజే "నేను తెలుగు రెవెన్యూ కాగితాలు చదవగలను" అని చెప్పు. బడాయి అవుతుందని మొహమాటపడొద్దు.

మాట్లాడే ఇంగ్లిష్ కంటే అక్కడ రాసే ఇంగ్లిష్‌తోనే ఎక్కువ పని. ఒక నోటు ఇవ్వమంటే మూడు చిన్న పేరాలు రాయి: నన్ను అడిగిందేమిటి, నాకు దొరికిందేమిటి, వెతికినా దొరకనిదేమిటి. మూడోది చాలామంది రాయరు, పని చెప్పినవాళ్లకు అదే ఎక్కువ అవసరం. నేను ఇచ్చిన నాలుగు పేజీల మొదటి నోటు ముప్పై ఒక్క దిద్దుబాట్లతో తిరిగొచ్చింది, ట్రాక్ ఛేంజెస్‌లో పేజీ ఎర్రగా మండిపోతోంది. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. సాయంత్రం కూర్చుని ఒక్కో దిద్దుబాటు ఎందుకు చేశారో పక్కన రాసుకున్నాను. సగం వ్యాకరణం కాదు, నేను ఖాయంగా చెప్పలేని విషయాన్ని ఖాయంగా చెప్పిన చోట్లు. ఫర్మ్‌లో నలుగురి కళ్లు పడనిదే కాగితం బయటికి పోదు. ఆ అలవాటు పెద్ద ఫర్మ్ దగ్గరే నేర్చుకోవాలి, చిన్న ఆఫీసుల్లో అది అరుదు.

ఈలోగా ఒక పని చెయ్యి. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు వెబ్ పోర్టల్ ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతాయి, కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. వారానికొకటి రెండు భాషల్లోనూ పక్కపక్కన చదువు. తెలుగు అనువాదం కొన్నిచోట్ల నవ్వు తెప్పిస్తుంది, అయినా చదువు. ఫర్మ్‌లో ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర అనే తీర్పుల డేటాబేస్‌లు ఉంటాయి, ఆ నాలుగు వారాల్లో వాటిలో వెతకడం గట్టిగా నేర్చుకో. ఫర్మ్ కాగితాన్ని మాత్రం నీ సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, ఫోన్లోని ఏఐ యాప్‌లో అతికించి అర్థం అడగొద్దు. అది చెప్పిన కేసు పేరు నిజంగా ఉందో లేదో చూడకుండా నోట్‌లో పెట్టావో, ఆ నోట్‌తోపాటు నీ మాట మీద నమ్మకం కూడా పోతుంది.

మీ బాపు అన్న మాటలో నిజముంది, కాదనను. పెద్ద ఫర్మ్‌లు ఉద్యోగాలిచ్చేది చాలావరకు తమ దగ్గర ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లకే. జాతీయ లా యూనివర్సిటీల వాళ్లకు క్యాంపస్‌కే వచ్చి ఇస్తారు, నీలాంటి కాలేజీ పిల్లలకు తలుపు ఇంటర్న్‌షిప్పే. అయితే ఆ లెక్క నాలుగో ఏడు, ఐదో ఏడు చేసినవాళ్లకు. మూడో ఏట చేసేది ముఖపరిచయం. నచ్చితే మళ్లీ రమ్మంటారు, అప్పుడు అసలు పరీక్ష.

కానీ పేరొక్కటే చాలదు. మొన్న నా ఆఫీసుకు ఒక అబ్బాయి వచ్చాడు, బయోడేటాలో మూడు పెద్ద పేర్లు. వకాలత్ మీద ఎవరెవరి సంతకాలుంటాయి అని అడిగాను. గూగుల్ చేసుకోవచ్చా మేడమ్ అన్నాడు. తర్వాతి అమ్మాయి ఎల్‌బీ నగర్‌లో ఒక చిన్న ఆఫీసు నుంచి వచ్చింది. తాను రాసిన ఒక పిటిషన్ రెండుసార్లు ఎందుకు రిటర్న్ అయిందో పావుగంట చెప్పింది, సిగ్గుపడకుండా. ఎవరిని తీసుకున్నానో నీకు చెప్పాలా? మాదాపూర్‌లో నేను పనిచేసిన వాళ్లూ ఆ అమ్మాయినే తీసుకునేవారు.

అమ్మ కోరిక విషయం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. చదువైన వెంటనే రాసే దారి మూసుకుంది. జడ్జి కావాలన్న ఆలోచన నిజంగా ఉంటే ఎన్‌రోల్ అయ్యాక (బార్ కౌన్సిల్‌లో వకీలుగా పేరు నమోదయ్యాక) ట్రయల్ కోర్టులో నిలబడాలి, పూర్తిగా కంపెనీ కాగితాల మీద బతికే టీములో చేరితే ఆ మూడేళ్లు చూపించుకోవడం చిక్కు. ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ముందు సాక్షిని ఎదుటి వకీలు క్రాస్ చేయడం (ప్రశ్నలతో పరీక్షించడం) ఒకసారి చూడు, తర్వాత అమ్మతో మాట్లాడు.

డబ్బు. ఫర్మ్ ఇచ్చే స్టైపెండ్ హాస్టల్ ఫీజుకు పనికొస్తుంది, మొహమాటం లేకుండా ఎంతో ముందే అడుగు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000 ఇవ్వమని సూచించింది, అది ఎన్‌రోల్ అయిన జూనియర్లకు, అదీ సూచనే. విద్యార్థులకు వర్తించదు. మలక్‌పేట సార్‌ని డబ్బు అడగడం కంటే మెట్రో కార్డు అడిగితే ఇచ్చే అవకాశం ఎక్కువ. నవ్వుతాలుకి కాదు, నేను నా ఇంటర్న్‌లకు అదే ఇస్తాను.

ఇంకొకటి, ఆడపిల్లవు కాబట్టి సూటిగా చెబుతాను. పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ఇంటర్న్‌లకూ వర్తిస్తుంది. పది మంది అంతకంటే ఎక్కువ పనిచేసేచోట ఇంటర్నల్ కమిటీ ఉండాలి, ఫర్మ్‌లో దాని పేర్లు గోడ మీద ఉంటాయి, మొదటి రోజే చూసుకో. నలుగురున్న ఆఫీసులో కమిటీ ఉండదు, జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. కాగితం మీద రెండు చోట్లా దారుంది, కానీ చిన్న ఆఫీసులో ఆ గదిలో ఉన్నది ఆ నలుగురే. అందుకని వెళ్లేముందు ఆడ జూనియర్ ఉందా, సాయంత్రం చివరిదాకా ఎవరుంటారు, నువ్వు ఎన్నింటికి బయటపడతావు అన్నవి తెలుసుకో. ఫర్మ్‌లో రాత్రి తొమ్మిది దాటితే క్యాబు ఇస్తారా అని అడుగు. అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు, చూసేవాళ్ల దగ్గర పనిచేయక్కర్లేదు.

ఇక చేయాల్సింది. ఫర్మ్‌కు మే నాలుగు వారాలకు సరే అని మెయిల్ పెట్టు, రియల్ ఎస్టేట్ టీములో వేయమని, తెలుగు భూమి కాగితాలు చదువుతానని ఒక వాక్యం జోడించు. మలక్‌పేటకు ఫోను కాదు, మనిషివే వెళ్లు. సార్, మేలో ఫర్మ్‌లో ఒప్పుకున్నాను, కోర్టులు తెరిచాక సాయంత్రాలు వస్తాను, తర్వాతి సెమిస్టర్ సెలవుల్లో కోర్టులు నడిచే నాలుగు వారాలు పూర్తిగా మీ దగ్గరే చేస్తాను అని చెప్పు. దాచిపెట్టి రెంటికీ ఊ అనొద్దు, వకీళ్ల లోకం చిన్నది. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల కోటు, నల్ల బూట్లు కొనుక్కో. బ్యాండు, గౌను నీవి కావు, ఇంకా రెండేళ్లుంది.

మాదాపూర్ వెళ్లేటప్పుడు అమీర్‌పేటలో రైలు మారాలి. తిరిగొచ్చేటప్పుడు అమీర్‌పేటలో నువ్వు ఎక్కే రైలు మలక్‌పేటలో ఆగుతుంది. మేలో సార్ ఊళ్లో ఉన్న ఏదో ఒక శుక్రవారం సాయంత్రం అక్కడ దిగు. కోర్టుల్లేని నెలలో వకీలుకు మాట్లాడే తీరిక ఉంటుంది. ఆ వారం నువ్వు చదివిన లీజుల్లో అర్థం కాని క్లాజు ఒకటి, క్లయింటు పేరు లేకుండా, కాగితం మీద రాసుకుని పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టు.